కోలిన్ చాప్‌మన్

ఆంథనీ కోలిన్ బ్రూస్ చాప్‌మన్ (మే 19, 1928 - డిసెంబరు 16, 1982) ఇంగ్లాండుకు చెందిన ఇంజనీరు, కార్ల రూపకర్త, పారిశ్రామికవేత్త. లోటస్ కార్ల సంస్థను, టీం లోటస్ అనే పందెపు జట్టును స్థాపించినవాడుగా ప్రసిద్ధుడు. రెండవ ప్రపంచ యుద్ధానంతర బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల చరిత్రలో ఇతని పేరు అతి ముఖ్యమైన వాటిలో ఒకటి. ఇంజను శక్తిని పెంచడం కంటే కారు బరువును తగ్గించడమే వేగానికి సరైన మార్గమని ఇతడు జీవితాంతం నమ్మాడు. తక్కువ బరువు గల కారు త్వరగా వేగం పుంజుకోవడమే కాక, మలుపులలో తేలికగా తిరుగుతుంది, తక్కువ దూరంలో ఆగుతుంది, టైర్లనూ ఇంధనాన్నీ ఆదా చేస్తుంది. ఇతని జీవితకాలంలో టీం లోటస్ ఫార్ములా వన్ పోటీలలో ఏడు సార్లు నిర్మాతల ప్రపంచ టైటిల్‌ను, ఆ జట్టు డ్రైవర్లు ఆరు సార్లు డ్రైవర్ల ప్రపంచ టైటిల్‌ను గెలుచుకున్నారు. అదే కాలంలో ఇతని కార్లలో పలువురు డ్రైవర్లు ప్రాణాలు కోల్పోయారు. తేలికదనానికీ భద్రతకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న ఇతని జీవితకథ పొడవునా వినిపిస్తుంది.

బాల్యం, విద్యాభ్యాసం

చాప్‌మన్ లండన్‌కు పడమరన ఉన్న రిచ్‌మండ్‌లో జన్మించాడు. తండ్రి స్టాన్లీ చాప్‌మన్ ఉత్తర లండన్‌లోని హార్న్‌సీ అనే ప్రాంతంలో రైల్వే హోటల్ నడిపేవాడు. తరువాతి కాలంలో లోటస్ సంస్థకు మొదటి కర్మాగారం ఈ హోటల్ వెనుక ఉన్న పాత గుర్రపుశాలే అయింది. 1945లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో చేరి నిర్మాణ ఇంజనీరింగు చదివాడు. అక్కడి విశ్వవిద్యాలయ వైమానిక దళంలో చేరి విమానం నడపడం నేర్చుకున్నాడు. వంతెనలు, భవనాల మీద పడే భారాన్ని లెక్కగట్టే శాస్త్రం ఒక చేతిలో, విమానాల నిర్మాణం మీద మక్కువ మరొక చేతిలో ఉండడం వల్లనే ఇతని కార్లు తక్కిన వారి కార్ల కంటే భిన్నంగా రూపొందాయని చెప్పవచ్చు. 1948లో గణితంలో తప్పి పట్టా లేకుండానే కళాశాల విడిచిపెట్టాడు. ఆ పరీక్షను మళ్ళీ రాసి మరుసటి ఏడు పట్టా పొందాడు. కొద్దికాలం రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో పనిచేసి, అక్కడ స్థిరపడడానికి ఇష్టపడక బయటకు వచ్చి, బ్రిటిష్ అల్యూమినియం సంస్థలో ఉద్యోగంలో చేరాడు.

మొదటి కార్లు

విద్యార్థిగా ఉన్నప్పుడే చాప్‌మన్ ఒక మిత్రునితో కలిసి పాత కార్లు కొని అమ్మే వ్యాపారం చేసేవాడు. 1947 చివరలో బ్రిటిష్ ప్రభుత్వం సొంత కార్లకు ఇచ్చే పెట్రోలు కోటాను రద్దు చేయడంతో పాత కార్ల ధరలు ఒక్కసారిగా పడిపోయి వ్యాపారం దెబ్బతిన్నది. ఎవరూ కొనని 1930 నాటి ఆస్టిన్ సెవెన్ కారు ఒకటి చేతిలో మిగిలిపోయింది. దానిని విప్పి, చట్రాన్ని బలపరచి, ప్లైవుడ్‌కు అల్యూమినియం రేకు అతికించిన పలకలతో కొత్త ఒళ్ళు తొడిగాడు. ఇదే 1948లో తయారైన మొదటి లోటస్. ప్రేయసి హేజెల్ విలియమ్స్ తల్లిదండ్రుల ఇంటి వెనుక ఉన్న చిన్న గ్యారేజీలో ఈ పని సాగింది.

లోటస్ అంటే తామరపువ్వు అని మనకు తెలుసు గాని, కారుకు ఆ పేరు ఎందుకు పెట్టాడో చాప్‌మన్ స్పష్టంగా ఎన్నడూ చెప్పలేదు. హేజెల్‌ను ముద్దుగా పిలిచే పేరు నుండి వచ్చిందన్న కథ ఎక్కువగా ప్రచారంలో ఉంది.

మూడవ కారు (మార్క్ త్రీ, 1951) ఇతని బుద్ధిచాతుర్యాన్ని మొదటిసారి లోకానికి చాటింది. ఆస్టిన్ సెవెన్ ఇంజనులో నాలుగు సిలిండర్లకు కలిపి రెండే ప్రవేశ రంధ్రాలు ఉండేవి. ఒక్కొక్క రంధ్రాన్ని రెండేసి సిలిండర్లు పంచుకోవలసి రావడం వల్ల ఇంధన మిశ్రమం సక్రమంగా అందేది కాదు. చాప్‌మన్ ఆ రంధ్రాలను మధ్యకు విభజించి, నాలుగు సిలిండర్లకూ విడివిడి దారులు ఉన్నట్లుగా పనిచేయించాడు. ఆ తరగతి పందేలలో ఈ కారుకు ఎదురు లేకపోవడంతో నిర్వాహకులు తరువాత ఈ పద్ధతిని నిషేధించారు. నియమావళిలో రాసి ఉన్నదానిని కాక రాయకుండా వదిలివేసిన దానిని చదవడం ఇతని అలవాటు. ఆ అలవాటు చివరి వరకూ పోలేదు.

1952 జనవరి 1న లోటస్ ఇంజనీరింగు సంస్థ ప్రారంభమైంది. ఇందుకు హేజెల్ 25 పౌండ్లు అప్పుగా ఇచ్చిందంటారు. పగలు అల్యూమినియం సంస్థలో ఉద్యోగం, రాత్రి గుర్రపుశాలలో కార్ల పని - ఈ విధంగా 1954 చివరి వరకు సాగింది. 1955 నుండి చాప్‌మన్ పూర్తికాలం లోటస్ పనిలోనే గడిపాడు. హేజెల్‌తో వివాహం 1954లో జరిగింది. వీరికి ఇద్దరు కుమార్తెలు, ఒక కుమారుడు.

గొట్టాల చట్రం, విడిభాగాల అమ్మకం

ఆనాటి కార్లలో చాలా వాటికి నిచ్చెన ఆకారంలో రెండు బరువైన ఉక్కు దూలాలు, వాటిని కలిపే అడ్డుకమ్మీలు ఉండేవి. ఇటువంటి చట్రం వంపును కొంతవరకు తట్టుకున్నా మెలితిప్పే బలానికి తేలికగా లొంగిపోతుంది. చట్రం మెలితిరిగితే చక్రాలు తమ కోణాన్ని నిలుపుకోలేవు. సన్నని ఉక్కు గొట్టాలను త్రిభుజాలుగా అతికితే ప్రతి గొట్టమూ కేవలం లాగుడును గాని ఒత్తిడిని గాని మాత్రమే భరిస్తుంది. రైల్వే వంతెనలలో కనిపించే పద్ధతి ఇదే. 1952లో మొదలైన మార్క్ సిక్స్ కారులో చాప్‌మన్ ఈ స్పేస్ ఫ్రేమ్ పద్ధతిని వాడాడు. దాని చట్రం ఒక్కటీ తూస్తే సుమారు 25 కిలోలు మాత్రమే.

ఈ కారును విడిభాగాలుగా అమ్మేవారు. ఆనాటి బ్రిటన్‌లో పూర్తిగా తయారైన కారుపై కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాలపై ఉండేది కాదు. కొనుగోలుదారు ఇంటి వద్ద తానే బిగించుకుంటే పన్ను మొత్తం మిగిలేది. సుమారు 110 మార్క్ సిక్స్ కార్లు అమ్ముడయ్యాయి. దీనికి వారసురాలిగా 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఈనాటికీ అభిమానులకు ప్రీతిపాత్రమైనది. తలుపులు లేవు, సామాను పెట్టుకునే చోటు నామమాత్రం, వాన వస్తే తడవక తప్పదు. అయినా మలుపుల రోడ్డు మీద దీనిని అందుకోగల పెద్ద కార్లు తక్కువ. బిగించే సూచనలు ఇస్తే పన్ను పడుతుందన్న నిబంధన వల్ల విప్పదీసే సూచనలు ఇచ్చి, వాటిని వెనుక నుండి ముందుకు చదువుకొమ్మన్నారన్న కథ ఒకటి ఈ కారు చుట్టూ అల్లుకొని ఉంది. 1973లో విలువ ఆధారిత పన్ను రావడంతో ఈ వెసులుబాటు తొలగిపోయింది. అదే ఏట సెవెన్ హక్కులను కేటర్‌హామ్ సంస్థ తీసుకున్నది.

ఈ కాలంలోనే వాన్‌వాల్ అనే పందెపు జట్టు కోసం చాప్‌మన్ కొత్త చట్రాన్ని రూపొందించి ఇచ్చాడు. ఆ జట్టు 1958లో మొట్టమొదటి నిర్మాతల టైటిల్ గెలిచింది. ఇతడు స్వయంగా మంచి డ్రైవరు కూడా. 1956 ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో వాన్‌వాల్ కారు నడపవలసి ఉండగా, సాధనలో తన జట్టు సహచరుడు మైక్ హాథార్న్ కారునే గుద్దడంతో పందెంలో పాల్గొనలేకపోయాడు. ప్రపంచ చాంపియన్‌షిప్ పందెంలో పాల్గొనే అవకాశం ఇతనికి మళ్ళీ రాలేదు.

ఎలీట్, ఎలాన్

1957 లండన్ మోటారు ప్రదర్శనలో ఎలీట్ కారును చూసినవారు ఆశ్చర్యపోయారు. దీనికి వేరుగా చట్రం లేదు. ఫైబర్‌గ్లాస్‌తో చేసిన ఒళ్ళే మొత్తం భారాన్ని మోసేది. కోడిగుడ్డు పెంకు లోపల ఎముక లేకుండానే గట్టిగా ఉన్నట్లు, ఇక్కడ పైపెంకే నిర్మాణం. దీనినే మోనోకాక్ అంటారు. ఫైబర్‌గ్లాస్ మోనోకాక్‌తో వరుసగా ఉత్పత్తి అయిన మొదటి కారు ఇదే. దీని గాలి నిరోధక గుణకం 0.29, ఆ తరువాత ఎన్నో ఏళ్ళ వరకు చాలా కార్లు ఈ అంకెను చేరలేకపోయాయి. 1216 సి.సి. కోవెంట్రీ క్లైమాక్స్ ఇంజనుతో ఈ కారు ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పందెంలో తన తరగతిలో ఆరు సార్లు గెలిచింది. కాని సుమారు వెయ్యి కార్లు మాత్రమే తయారయ్యాయి. తయారీ ఖర్చు ఎక్కువై సంస్థకు నష్టమే మిగిలింది. ఇంజను చప్పుడు పెంకు అంతటా ప్రతిధ్వనించి లోపలివారిని విసిగించేది.

ఆ నష్టం నుండి నేర్చుకున్న పాఠంతో రూపొందినదే 1962 నాటి ఎలాన్. ఇందులో ఉక్కు రేకును మడచి చేసిన పెట్టె వంటి వెన్నెముక కారు మధ్యగా సాగి, రెండు చివరలా చీలి, ఇంజనునూ సస్పెన్షన్‌నూ మోస్తుంది. ఫైబర్‌గ్లాస్ ఒళ్ళు దాని మీద కూర్చుంటుంది. ఇంజను అడుగు భాగం ఫోర్డు వారిది. రెండు క్యామ్‌షాఫ్టులు గల పైభాగం లోటస్ కోసం హ్యారీ మండీ రూపొందించినది. సామర్థ్యం 1558 సి.సి. కారు బరువు 700 కిలోల లోపే. స్ప్రింగులు మెత్తగా ఉండి గతుకులను మింగుతూనే, చక్రాలు రోడ్డును వదలకుండా పట్టుకొనే గుణం ఈ కారులో ఉన్నంతగా మరొక దానిలో లేదని నిపుణులు నేటికీ అంటారు. ఎలాన్ రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించిన రాన్ హిక్‌మన్ తరువాత వర్క్‌మేట్ అనే మడత పనిబల్లను కనిపెట్టి మరింత పేరు పొందాడు. 1989లో జపాన్ వారి మాజ్దా ఎం.ఎక్స్-5 వచ్చినప్పుడు అది ఎలాన్ స్ఫూర్తితో తయారైనదని అందరూ గుర్తించారు.

అయితే లోటస్ కార్ల నాణ్యత ఎప్పుడూ ఒకే తీరున ఉండేది కాదు. విద్యుత్ తీగల తంటాలు, నీరు కారే పైకప్పులు యజమానుల మధ్య హాస్యోక్తులుగా మారాయి. చాప్‌మన్ ఒక పని పూర్తికాక ముందే తరువాతి పని మీదకు మనసు మళ్ళించేవాడు.

1966లో సంస్థ నార్ఫోక్ జిల్లాలోని హెథెల్‌కు మారింది. యుద్ధకాలంలో అమెరికన్ బాంబరు విమానాలు ఎగిరిన స్థావరం అది. పాత రన్‌వేలు కార్లను పరీక్షించే దారులుగా ఉపయోగపడ్డాయి. 1968లో సంస్థ వాటాలు మార్కెట్టులోకి వచ్చాయి. మధ్యలో ఇంజను గల యూరోపా (1966), ఇటలీకి చెందిన జుజారో గీసిన ఎస్ప్రి (1976) తరువాతి కాలపు ముఖ్యమైన కార్లు. ఎస్ప్రి 1977 నాటి జేమ్స్ బాండ్ చిత్రంలో నీటిలో మునిగి ప్రయాణించే కారుగా కనిపించి ప్రపంచమంతటా పరిచితమైంది.

ఫార్ములా వన్, జిమ్ క్లార్క్

లోటస్ 1958లో ఫార్ములా వన్‌లో ప్రవేశించింది. 1960 మొనాకో పందెంలో స్టిర్లింగ్ మాస్ ఒక ప్రైవేటు జట్టు తరఫున లోటస్ నడిపి ఆ కారుకు మొదటి విజయం సాధించాడు. చాప్‌మన్ సొంత జట్టుకు మొదటి గెలుపు 1961లో అమెరికాలో ఇన్నెస్ ఐర్లండ్ ద్వారా వచ్చింది.

1962లో వచ్చిన లోటస్ 25 పందెపు కార్ల నిర్మాణాన్నే మార్చివేసింది. గొట్టాల చట్రం స్థానంలో అల్యూమినియం రేకులతో చేసిన మోనోకాక్‌ను చాప్‌మన్ ఇందులో వాడాడు. విమానాలలో ఈ పద్ధతి పాతదే. ఫార్ములా వన్‌లో పూర్తి స్థాయిలో వాడినది మాత్రం ఇదే మొదలు. గొట్టాల చట్రం గల లోటస్ 24తో పోలిస్తే దీని చట్రం మూడు రెట్లు దృఢంగా ఉండి సగం బరువే ఉండేది. డ్రైవరు దాదాపు పడుకొని నడిపేవాడు కనుక కారు ముందు వైశాల్యం తగ్గి గాలి నిరోధం తగ్గింది. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. అదే ఏడు కొన్ని ప్రైవేటు జట్లు లోటస్ 24లను తాజా కార్లుగా భావించి డబ్బు పెట్టి కొన్నాయి. సీజను మొదటి పందెంలో లోటస్ 25ను చూసి వారికి కోపం రావడంలో వింత లేదు.

ఈ కారును నడిపిన స్కాట్లండు రైతుబిడ్డ జిమ్ క్లార్క్‌కూ చాప్‌మన్‌కూ మధ్య ఏర్పడిన స్నేహం మోటారు పందేల చరిత్రలో అరుదైనది. 1963లో పది పందేలలో ఏడు గెలిచి క్లార్క్ చాంపియన్ అయ్యాడు. 1965లో మళ్ళీ చాంపియన్ కావడమే కాక, మొనాకో పందెం మానుకొని అమెరికా వెళ్ళి ఇండియానాపోలిస్ 500 మైళ్ళ పందెంలో 200 చుట్లకు 190 చుట్లు ముందుండి గెలిచాడు. ఇంజను వెనుక గల కారు ఆ పందెం గెలవడం అదే ప్రథమం.

1967లో లోటస్ 49 వచ్చింది. ఇంగ్లండు ఫోర్డు సంస్థ లక్ష పౌండ్లు పెట్టుబడి పెట్టగా, పూర్వం లోటస్‌లో పనిచేసిన కీత్ డక్‌వర్త్, మైక్ కాస్టిన్ నడిపే కాస్‌వర్త్ సంస్థ డి.ఎఫ్.వి. అనే ఇంజనును తయారుచేసింది. చాప్‌మన్ కారు వెనుక భాగంలో చట్రాన్నే తొలగించి, ఇంజనును నేరుగా మోనోకాక్‌కు బిగించాడు. వెనుక సస్పెన్షన్ ఇంజనుకూ గేరుపెట్టెకూ తగిలి ఉండేది. అనగా ఇంజను శక్తినివ్వడమే కాక చట్రం పని కూడా చేసింది. హాలండులోని జాండ్‌వోర్ట్‌లో తొలి పందెంలోనే క్లార్క్ దీనితో గెలిచాడు. ఈ అమరిక తరువాత ఫార్ములా వన్‌లో సర్వసాధారణమైంది.

1968 ఏప్రిల్ 7న జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో ఒక ఫార్ములా టూ పందెంలో క్లార్క్ కారు చెట్లను గుద్దుకొని అతడు మరణించాడు. టైరులో గాలి పోవడం కారణమని భావిస్తారు. సరిగ్గా నెల తరువాత ఇండియానాపోలిస్ సాధనలో మైక్ స్పెన్స్ లోటస్ టర్బైను కారులో మృతి చెందాడు. చాప్‌మన్ బాగా కుంగిపోయాడు. ఆ తరువాత ఏ డ్రైవరుతోనూ అంతటి సన్నిహితత్వం పెంచుకోలేదని చెబుతారు. ఆ ఏడు గ్రాహం హిల్ జట్టును నిలబెట్టి చాంపియన్ అయ్యాడు.

అదే సంవత్సరం చాప్‌మన్ ఒక పొగాకు కంపెనీతో ఒప్పందం చేసుకొని, సంప్రదాయమైన ఆకుపచ్చ రంగు తీసివేసి, కార్లకు సిగరెట్టు పెట్టె రంగులు వేయించాడు. పెద్ద జట్లలో ఈ పని చేసిన వారిలో ఇతడే ముందు. మోటారు పందేలలోకి పెద్ద ఎత్తున ప్రకటనల డబ్బు రావడానికి ఇది దారి తీసింది.

భద్రతపై విమర్శలు, రింట్ మరణం

లోటస్ కార్లు పెళుసుగా ఉంటాయన్న అపవాదు ముందు నుండే ఉంది. 1960లో బెల్జియంలోని స్పా వద్ద ఒకే వారాంతంలో మాస్ కారు చక్రం ఊడి అతడు తీవ్రంగా గాయపడ్డాడు. మైక్ టేలర్ కారు స్టీరింగు విరగడంతో అతడు పందేలకే దూరమయ్యాడు; ఆపై లోటస్ మీద దావా వేసి గెలిచాడు. 1969 స్పానిష్ పందెంలో కార్లపై ఎత్తుగా బిగించిన రెక్కలు విరిగి గ్రాహం హిల్, యోఖెన్ రింట్ ఇద్దరి కార్లూ ధ్వంసమయ్యాయి. గాయపడిన రింట్ రెక్కలకు వ్యతిరేకంగా బహిరంగ లేఖ రాశాడు. మరుసటి పందెం నాటికి ఎత్తు రెక్కలు నిషేధింపబడ్డాయి. కారు తేలికగా ఉండడం రింట్‌కు గెలుపు తెచ్చేది, భయమూ తెచ్చేది. అయినా అతడు లోటస్‌ను విడువలేదు.

1970లో వచ్చిన లోటస్ 72 గూటం ఆకారంలో ఉండేది. రేడియేటర్లు ముందు నుండి రెండు పక్కలకు మారాయి. చక్రాలలో ఉండవలసిన బ్రేకులు కారు లోపలికి వచ్చాయి. వాటిని చక్రాలతో బోలు షాఫ్టులు కలిపేవి. దీనివల్ల చక్రాలతో పాటు ఎగిరిపడే బరువు తగ్గి, టైర్లు రోడ్డును బాగా పట్టుకొనేవి. రింట్ వరుసగా నాలుగు పందేలు గెలిచాడు. సెప్టెంబరు 5న ఇటలీలోని మోంజాలో, నిడుపాటి దారులలో వేగం కోసం రెక్కలు తీసివేసిన కారుతో సాధన చేస్తుండగా, పరబోలికా మలుపు వద్ద బ్రేకు వేసే చోట కారు ఎడమకు తిరిగి అంచు కంచెను గుద్దుకొని అతడు మరణించాడు. ముందు బ్రేకు షాఫ్టు ఒకటి విరిగినట్లు తేలింది. ఇటలీలో కేసు ఏళ్ళ తరబడి సాగి 1976లో చాప్‌మన్ నిర్దోషిగా బయటపడ్డాడు. షాఫ్టు విరగడం నిజమే గాని, కంచెను సరిగా అమర్చకపోవడమే మరణానికి కారణమని తేల్చారు. చట్టం ముందు ఇతని తప్పు లేదు. కాని షాఫ్టును బోలుగా చేసి మిగిల్చిన బరువు ఎంత, దాని కోసం తీసుకున్న ప్రమాదం ఎంత అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. మిగిలిన పందేలలో రింట్ పాయింట్లను ఎవరూ దాటలేకపోవడంతో అతడు మరణానంతరం ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మరణానంతరం ఆ గౌరవం పొందినది అతడొక్కడే. అదే కారుతో 1972లో బ్రెజిల్‌కు చెందిన ఎమర్సన్ ఫిట్టిపాల్డి చాంపియన్ అయ్యాడు. లోటస్ 72 1975 వరకు పోటీలలో ఉన్నది.

నేలను అంటుకొనే కార్లు

1970ల మధ్యలో జట్టు వెనుకబడినప్పుడు చాప్‌మన్ టోనీ రడ్, పీటర్ రైట్ మొదలైన ఇంజనీర్లకు పరిశోధన అప్పగించాడు. విమానం రెక్క గాలిలో పైకి లేస్తుంది. అదే రెక్కను తలకిందులు చేసి కారు పక్కపెట్టెల అడుగున అమర్చితే, నేలకూ కారుకూ మధ్య గాలి వేగంగా పారి ఒత్తిడి తగ్గుతుంది. కారు నేలకు అతుక్కుపోతుంది. పక్కల నుండి గాలి దూరకుండా నేలను తాకే అంచు పలకలు పెట్టారు. లోటస్ 78 (1977), దాని మెరుగైన రూపమైన లోటస్ 79 (1978) ఈ సూత్రం మీద నిర్మితమైనవి. 1978లో జట్టు ఎనిమిది పందేలు గెలిచింది. మారియో ఆండ్రెటి చాంపియన్ అయ్యాడు. కాని టైటిల్ ఖాయమైన మోంజా పందెం ఆరంభంలోనే జరిగిన ప్రమాదంలో సహచరుడు రోనీ పీటర్సన్ కాళ్ళు విరిగి, మరునాడు ఆసుపత్రిలో మరణించాడు. ఆ ఉదయం తన లోటస్ 79 పాడవడంతో అతడు పాత 78ని నడపవలసి వచ్చింది.

ఆ తరువాత వచ్చిన లోటస్ 80 విఫలమైంది. ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు చట్రాలు గల లోటస్ 88ని 1981లో అధికారులు నిషేధించారు. ఆ నిషేధంతో చాప్‌మన్‌కు పందేల మీదే విసుగు కలిగింది. 1982 ఆస్ట్రియా పందెంలో ఎలియో డి ఏంజెలిస్ సెకనులో ఇరవయ్యో వంతు తేడాతో గెలిచినప్పుడు చాప్‌మన్ తన అలవాటు ప్రకారం నల్లటోపీని గాలిలోకి విసిరాడు. అతడు చూసిన చివరి విజయం అది.

డెలోరియన్ వ్యవహారం, మరణం

1978లో అమెరికన్ వ్యాపారి జాన్ డెలోరియన్ ఉత్తర ఐర్లండులో బ్రిటిష్ ప్రభుత్వ ధనంతో నెలకొల్పిన కార్ల సంస్థకు లోటస్ ఇంజనీరింగు పని చేసిపెట్టింది. ఇందుకు చెల్లించిన సొమ్ములో కోటీ 76 లక్షల డాలర్లకు పైగా మొత్తం పనామాలో నమోదైన ఒక సంస్థ ద్వారా పక్కదారి పట్టింది. డెలోరియన్ సంస్థ 1982లో దివాలా తీయడంతో దర్యాప్తు మొదలైంది. ఆ దర్యాప్తు పూర్తికాకముందే, 1982 డిసెంబరు 16న, నార్విచ్ సమీపంలోని తన ఇంటిలో చాప్‌మన్ గుండెపోటుతో మరణించాడు. వయసు 54 సంవత్సరాలు. ఇతడు చనిపోలేదని, దక్షిణ అమెరికాలో దాగి ఉన్నాడని పుట్టిన పుకార్లకు ఆధారమేదీ లేదు. లోటస్ ఆర్థిక వ్యవహారాలు చూసిన ఫ్రెడ్ బుషెల్‌కు 1992లో మూడేళ్ళ జైలుశిక్ష పడింది. చాప్‌మన్ బ్రతికి ఉండి బోనులో నిలిచి ఉంటే కనీసం పదేళ్ళ శిక్ష పడేదని న్యాయమూర్తి అభిప్రాయపడ్డాడు.

తరువాతి కాలం

చాప్‌మన్ చివరి రోజులలో మొదలైన కంప్యూటరు నియంత్రిత యాక్టివ్ సస్పెన్షన్ పరిశోధన ఫలించి, 1987లో అయర్టన్ సెన్నా ఆ పద్ధతి గల లోటస్‌తో మొనాకోలో గెలిచాడు. టీం లోటస్ 1994 సీజను తరువాత మూతపడింది. కార్ల సంస్థ 1986లో జనరల్ మోటార్స్, 1993లో బుగాటీ అధిపతి, 1996లో మలేషియాకు చెందిన ప్రోటాన్, 2017లో చైనాకు చెందిన గీలీ చేతులలోకి మారింది. 1996 నుండి 2021 వరకు తయారైన ఎలీజ్ కారు ఇతని తేలికదనపు సూత్రాన్ని మరో తరానికి అందించింది. హేజెల్ చాప్‌మన్ 2021లో కన్నుమూసింది. లోటస్ చిహ్నంపై అల్లుకొని కనిపించే ఏ, సి, బి, సి అనే నాలుగు అక్షరాలు చాప్‌మన్ పూర్తి పేరులోని మొదటి అక్షరాలే.